ఎవరూ అభ్యంతరం చెప్పలేదు

నిన్న ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నా ఫోను మోగింది. ముందురోజే మా నాన్న, మా బాపు జ్ఞాపకార్థ కూడిక ముగిసింది కాబట్టి, రాలేకపోయిన చుట్టమెవరో పలకరించడానికి చేశారనుకుని పొయ్యి మీది పాలు దించి ఫోను ఎత్తాను. అటువైపు మనిషి లేదు, రికార్డు చేసిన ఆడగొంతు ఉంది. మా ప్రాంతంలో రోడ్లు, నీళ్ళు, బస్సుల గురించి నా అభిప్రాయం కావాలట. తృప్తిగా ఉంటే ఒకటి నొక్కాలి, లేకపోతే రెండు, చెప్పలేకపోతే మూడు. నేను ఏదీ నొక్కలేదు. ఆ గొంతు అవే మాటలు రెండోసారి చెప్పి, నా విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు తెలిపి పెట్టేసింది. నేను ఏ అభిప్రాయం ఇచ్చానో నాకు తెలియదు. ఎక్కడో ఏదో ఒక గడిలో చేరిపోయే ఉంటాను.

నాకు చాలా కోపం వచ్చింది. అరవై దాటిన మనిషికి అంత చిన్న విషయానికి అంత కోపం తగదని తెలుసు. అయినా పాలు చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. నా వయసు వాళ్ళు, ముఖ్యంగా శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు, ఈ కోపాన్ని అర్థం చేసుకుంటారనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మా ఊరు శంషాబాద్ నుంచి పహాడీ షరీఫ్ వైపు వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపల ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ ఆ రోడ్డుకు కాదు, వేరే రోడ్డుకు. చిన్న ఊరు, రాళ్ళ నేల. వానలు పడితే జొన్న, లేకపోతే పట్నంలో కూలి. మాలాంటి క్రైస్తవ కుటుంబాలు ఇరవై లోపు, మిగతావాళ్ళు హిందువులు, వాళ్ళలోనూ నాలుగైదు కులాలు. ఎవరి వాడ వారిది, ఎవరి ప్రార్థన వారిది. అందరూ కలిసి మంచిగా బతికారని ఇప్పుడు చెప్పుకోవడం సులువు. అది పూర్తి నిజం కాదు. బావి దగ్గర మా అమ్మను ఎక్కడ నిలబెట్టేవారో నాకు గుర్తుంది. కానీ ఒక్క విషయంలో మాత్రం ఊరందరిదీ ఒకటే పద్ధతి. అదెలా మొదలైందో ఎవరికీ తెలియదు.

పదిమంది కూర్చున్నచోట ఎవరైనా ఒక సంగతి ఎత్తితే, నచ్చినవాళ్ళు మాట్లాడేవారు, నచ్చనివాళ్ళు మౌనంగా కూర్చునేవారు. అందరూ మౌనంగా ఉంటే అందరూ వద్దన్నట్టు. నలుగురిలో ఒక మనిషి ముఖం మీద వద్దని చెప్పడం అతన్ని అవమానించడమే అని మావాళ్ళ నమ్మకం. అంతటి మౌనంలో ఎవరైనా నోరు తెరిచారంటే, చెప్పేది ఏదైనా సరే, వాడు అడిగినవాడి పక్షాన చేరినట్టే లెక్క. అయితే పద్ధతి అక్కడితో అయిపోయేది కాదు. సంగతి ఎత్తినవాడు మర్నాడు ఇల్లిల్లూ తిరగాలి. ప్రతి ఇంటివాళ్ళూ వాకిట్లో మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి, ఎందుకు వద్దో అప్పుడు వివరంగా చెప్పేవారు. ఎలా మారిస్తే ఒప్పుకుంటామో కూడా చెప్పేవారు. సభలో ఊరుకున్నది సగం మాటే, మిగతా సగం మర్నాడు వాకిట్లో.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక కాంట్రాక్టరు మా ఊరి మొదట్లో సారా దుకాణం పెడతానని వచ్చాడు. ఊరివాళ్ళను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. ఒక్కరు కూడా పలకలేదు. పక్క ఊరివాడే కాబట్టి అతనికి పద్ధతి తెలుసు, మర్నాడు పొద్దున్నే తిరగడం మొదలుపెట్టాడు. మొదటి మూడు వాకిళ్ళలో ఆడవాళ్ళు చెప్పింది విన్నాక నాలుగో ఇంటికి పోకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. దుకాణం రాలేదు. ఇంకోసారి మా బాపే ఇరుక్కున్నాడు. బాపు అప్పటికి మా సంఘ పెద్ద. అక్షరం రాని మనిషి అయినా కీర్తనలన్నీ నోటికి వచ్చు. పట్నంలో ఏదో పెద్ద చర్చి చూసి వచ్చి, క్రిస్మస్ ఊరేగింపులో డప్పులు వద్దు, నెమ్మదిగా పాటలు పాడుకుంటూ పోదాం అన్నాడు. సంఘమంతా తలలు వంచుకుని కూర్చుంది. మర్నాడు బాపు తిరగక తప్పలేదు. భర్త పోయి హిమాయత్ సాగర్ దగ్గర అత్తగారింటి నుంచి తిరిగొచ్చిన మా మేనత్త వాకిట్లో మంచం వాల్చి, నీళ్ళిచ్చి, ఆయన తాగేదాకా ఆగి అడిగింది. "అన్నా, డప్పు లేకుంటే యేసయ్య పుట్టిండని పక్కూరోళ్ళకు ఎట్ల తెలుస్తది? ఉత్తరం రాస్తవా?" బాపు నవ్వుతూ ఇంటికొచ్చాడు. ఆ ఏడాది ఇంకో రెండు డప్పులు ఎక్కువే వచ్చాయి.

ఇదంతా నేను చిన్నప్పుడు గొప్పగా అనుకోలేదు. పైగా టీచర్ ట్రైనింగు పూర్తిచేసి, శంషాబాద్ గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ చదివి, మావాళ్ళకు నోరు లేదని సిగ్గుపడ్డ రోజులు కూడా ఉన్నాయి. షాద్‌నగర్ నుంచి వచ్చే బస్సెక్కితే లోకం వేరుగా ఉండేది. ఉల్లిగడ్డల ధర మొదలుకుని మంత్రుల చదువు దాకా అందరికీ అన్నిటి మీదా అభిప్రాయం ఉండేది, కండక్టరుకు అందరికంటే ఎక్కువ ఉండేది. మా ఊరివాళ్ళు కూడా ఇలా మాట్లాడితే బాగుండుననుకునేదాన్ని. కొన్నేళ్ళకు మా ఊరి బడికే బదిలీ అయి వచ్చాను. నా దస్తూరి బాగుంటుందని ఊరి ఉత్తరాలు, దరఖాస్తులు, పెళ్ళి శుభలేఖల నకళ్ళు అన్నీ నా చేతనే రాయించేవారు.

విమానాశ్రయం వస్తుందని ఖాయమైన రోజులవి. అటు పోవడానికి మా ఊరి పక్కగా ఒక రోడ్డు వేస్తారని, దాని నక్ష తయారైందని కబురు వచ్చింది. నక్షలో రోడ్డు మా సమాధుల స్థలం మీదుగా పోతోంది. ఊరికి ఉన్నది ఆ ఒక్క స్థలమే. ఒకవైపు మా సమాధులు, ఇంకోవైపు హిందూ కుటుంబాల బొందలు, మధ్యలో కంచె లేదు, కొన్ని కానుగ చెట్లు ఉండేవి. అంతకు ఆరేళ్ళ ముందు పోయిన మా అమ్మ అక్కడే ఉంది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత చోటు చుట్టూ రాళ్ళు పేర్చి బాపు తన కోసం ఉంచుకున్నాడు. మాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. వర్షాకాలంలో ఆ రాళ్ళ మధ్య మొలిచిన గడ్డి తనే పీకి వచ్చేవాడు, అంతే.

ప్రజాభిప్రాయం తీసుకుంటారని మా బడిలోనే సభ పెట్టారు. ఒక అధికారి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చెడ్డవాడేమీ కాదు, అందరినీ మీరు అని పిలిచాడు. ఊరి టీచరును కాబట్టి జరిగింది జరిగినట్టు రాయమని నన్ను తన పక్కన, బల్లకు అటువైపు కూర్చోబెట్టాడు. నక్ష గోడకు తగిలించి అరగంట వివరించి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నాడు. మూడుసార్లు అడిగాడు.

ఒక్కరు పలకలేదు. అంత నిండైన మౌనం మా ఊళ్ళో అంతకుముందు నేను చూడలేదు. మామూలుగా ఒకరిద్దరు గొణుగుతారు, దగ్గుతారు. ఆరోజు చంటిపిల్లల తల్లులు కూడా పిల్లలను చంకనేసుకుని బయటికి పోయారు. ఒకరితో ఒకరికి మాటల్లేని కుటుంబాలు పక్కపక్కన తలలు వంచుకుని కూర్చున్నాయి. నోరు మూసుకోవడం అలవాటే లేని మా మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెచ్చిన టీ ఎవరూ ముట్టలేదు. ఊరు తన శక్తికొద్దీ వద్దంటోంది.

నేను అధికారి వైపు వంగి, మావాళ్ళు మాట్లాడకపోతే వద్దన్నట్టు సార్, అని మెల్లగా చెప్పాను. మీరు రేపు ఇళ్ళకు వెళ్తే కారణం చెబుతారని కూడా అన్నాను. ఆయన చిన్నగా నవ్వాడు. "అలాగైతే ఎవరో ఒకరిని లేచి ఆ ముక్క చెప్పమనండి మేడం, రాసుకుందాం. మౌనాన్ని నేను ఫైల్లో పెట్టలేను కదా."

నేను బాపు వైపు చూశాను. ఆయన ముఖం నిబ్బరంగా ఉంది. ఊరంతా ఒక్క మాట మీద నిలబడిందనే తృప్తి కనిపించింది. లేవమని ఆయనకు సైగ చేస్తే, ఊరి మాట విరిచి అవతలి పక్షాన చేరమని అడిగినట్టే. మరి నేను లేవవచ్చు. నేను బల్లకు అటువైపే ఉన్నాను, రెండు పద్ధతులూ తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే. లేచి, వీళ్ళంతా వద్దంటున్నారు, అని రెండు మాటలు చెప్పి ఉండవచ్చు. లేవలేదు. ఉద్యోగం భయం కొంత. పెద్ద అధికారి ముందు మా ఊరి పద్ధతి మోటుగా కనిపిస్తుందనే సిగ్గు అంతకంటే ఎక్కువ. ఆ సిగ్గును నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆయన చెప్పిన వాక్యం రాశాను. హాజరైన గ్రామస్థులలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా కోపమంతా అక్కడే ఉంది. అబద్ధమైతే పట్టుకోవచ్చు, దిద్దించవచ్చు. నిజమైన వాక్యాన్ని ఏం చేస్తాం?

ఇంటికి నడుస్తుంటే బాపు అడిగాడు.

"అంత రాసినవా బిడ్డా?"

"రాసిన."

"ఊరంత వద్దన్నదని రాసినవ్ గదా."

"రాసిన బాపూ."

నేను ఆయనతో ఆడిన అబద్ధాలు ఎక్కువ లేవు. ఇది మాత్రం వెనకాముందూ చూసుకోకుండా నోట్లోంచి వచ్చేసింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు.

మర్నాడు ఊళ్ళో నేను తప్ప ఎవరూ పనికి పోలేదు. వాకిళ్ళు ఊడ్చి, నీళ్ళు చల్లి, మంచాలు వాల్చారు. బాపు తెల్లవారగానే స్నానం చేసి, ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అధికారికి ఏం చెప్పాలో ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. రోడ్డు వద్దని కాదు. సమాధుల స్థలానికి తూర్పున అంతా రాళ్ళదిబ్బ, దేనికీ పనికిరాదు, రోడ్డును అటు జరపమని అడగాలి. తనే వెళ్ళి అడుగులతో కొలిచి కూడా వచ్చాడు, నూటా నలభై అడుగులు జరిపితే చాలు. ఆ మాట చెప్పడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాడు. నేను బడికి పోతూ, మధ్యాహ్నం అన్నానికి వస్తూ ఆ వాకిళ్ళన్నీ దాటాను. మేనత్త నన్ను ఆపింది.

"ఏందే, మీ సారు ఏడిదాక వచ్చిండు? మీ ఇంటికాడ మొదలువెడ్తడా, మా ఇంటికాడనా?"

ఎదురింటి వాకిట్లోంచి యాదవుల ముసలాయన అందుకున్నాడు. "పెద్దాఫీసరు గదా అక్కా, కారు దిగి నడుస్తడా? గా కార్లనే కూసొని ఇల్లిల్లు అడుగుతడేమో."

"కార్ల కూసుంటే మంచినీళ్ళు గూడ ఇయ్య. దిగితేనే ఇస్త. చాయ్ అయితే అసలే ఇయ్య, వద్దని చెప్పేదానికి చాయెందుకు, చక్కెర దండుగ."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన రాడని ఆ వీధిలో తెలిసింది నాకొక్కదానికే. చీకటి పడేదాకా మంచాలు అలాగే ఉన్నాయి. బాపు, పనుంటదిలే, రేపొస్తడు అన్నాడు. మూడో రోజు సాయంత్రం ఎవరూ ఏమీ అనకుండా మంచాలు లోపలికి తీసుకుపోయారు.

కొన్ని నెలల తర్వాత సంఘ పెద్ద పేరు మీద ఒక కవరు వచ్చింది. సమాధులు తరలించుకోవడానికి గడువు పెడుతూ ఉత్తర్వు, దాని వెనక ఆనాటి సభ కాగితం జిరాక్సు. బాపు రెండూ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చదవమని ముందు ఇచ్చింది రెండో కాగితం. ఆయనకు అక్షరాలు రావు గానీ, అన్నేళ్ళుగా నేను రాసిన ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్న మనిషి.

"గిది నీ రాతనే గదా బిడ్డా. సదువు."

చదివాను. ఒక్క వాక్యం దాటవేయవచ్చని అప్పుడు కూడా అనిపించింది, కానీ చదివాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివాను. కాగితం తీసుకుని మడతల మీదే మడిచాడు.

"నువ్వు రాసింది అబద్ధం గాదు. మేం ఎవ్వలం మాట్లాడలే" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఇంట్లో అంతకుముందు చిన్న తప్పులకు తిట్లు తిన్నాను, వాటిలో ఏదీ ఇంత కాలం మనసులో నిలవలేదు.

గడువులోపల తీయగలిగిన ఎముకలు తీసి, షాద్‌నగర్ వెళ్ళే దారిలో కేటాయించిన కొత్త స్థలానికి మార్చారు. బాపు మాత్రం అమ్మను తీయనివ్వలేదు. పండుకున్న మనిషిని లేపొద్దు అన్నాడు. తన కోసం పేర్చుకున్న రాళ్ళు తనే ఒక్కొక్కటిగా తీసి దూరంగా వేశాడు. రోడ్డు పడింది. ఇప్పుడు మా తమ్ముడు టాక్సీ నడుపుతాడు, రోజుకు నాలుగైదుసార్లు ఆ రోడ్డు మీదే విమానాశ్రయానికి పోతాడు. నేను ఆ దారిన వెళ్ళాల్సి వస్తే కళ్ళు మూసుకుంటాను. ఎక్కడ మూసుకోవాలో కూడా సరిగ్గా తెలియదు, కానుగ చెట్లు లేవు, గుర్తు పట్టడానికి ఏమీ మిగల్లేదు. తూర్పున ఆ రాళ్ళదిబ్బ మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. దేనికీ పనికిరాకుండా ఉంది.

ఆ కాగితం తర్వాత మా ఊరు మారింది. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు రాసుకుంటారని అందరికీ అర్థమైంది. అప్పటి నుంచి ఏ సభ జరిగినా అడగకముందే అరుస్తారు. ఎక్కువ అరిచినవాడి మాట నిలుస్తుంది, మెల్లగా ఉండేవాళ్ళు రావడం మానేశారు. బాపు కూడా మానేశాడు. ఇప్పుడు అభిప్రాయాలకు కరువు లేదు. తెల్లవారితే ఫోన్లో ఎవరో రాసినవి, ఎవరో పంపినవి ముప్ఫై వస్తాయి. టీవీలో నలుగురు ఒకేసారి మాట్లాడతారు. మతాల మీద, కులాల మీద, పక్కింటివాడి తిండి మీద, ఎన్నడూ చూడని ఊళ్ళ మీద అందరికీ గట్టి అభిప్రాయాలున్నాయి. అడిగేవాళ్ళూ పెరిగారు. ఆసుపత్రిలో బాపు మంచం పక్కన ఉన్నప్పుడు కూడా ఒక అమ్మాయి వచ్చి, సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది. పాపం, ఆ పిల్ల ఉద్యోగం అది. ఇంతమంది అడుగుతున్నారు గానీ, జవాబు వినడానికి ఎవరూ కూర్చోరు.

బాపు చివరి వారంలో, తెలివిలో ఉన్నప్పుడే, తమ్ముడు అడగాల్సిన మాట అడిగాడు. "కొత్త జాగల చోటు కోసం దరఖాస్తు పెట్టమంటవా బాపూ?" బాపు పైకప్పు చూస్తూ పడుకున్నాడు, ఏమీ అనలేదు. సరేనన్నాడని తమ్ముడు అదేరోజు కాగితం ఇచ్చి వచ్చాడు. వాణ్ణి తప్పుపట్టను. వాడు పెరిగేసరికే పద్ధతి పోయింది, మంచాలు వాల్చిన రోజు వాడు పట్నంలో ఉన్నాడు.

ఆ మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. స్టూలు దగ్గరికి లాక్కుని, నిన్న తమ్ముడు అడిగితే ఎందుకు పలకలేదని అడిగాను. బాపు తల నా వైపు తిప్పాడు.

"నువ్వన్నా అడగొచ్చినవ్" అన్నాడు. "అమ్మకాడికి ఇగ పోయే తొవ్వ లేదు గదా బిడ్డా. ఏడ పెడితే ఆడ పెట్టుండ్రి. కానీ నేను సరే అన్నట్టు రాయకు" అన్నాడు.

అప్పుడు క్షమించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా మౌనాన్ని ఆయన ఎలా అర్థం చేసుకున్నాడో నాకు తెలియదు, అడగడానికి మర్నాటికి ఆయన తెలివిలో లేడు. ఐదో రోజు పోయాడు. కొత్త స్థలంలోనే పెట్టాం. ఆయనకు ఒకవైపు ప్రహరీ గోడ, ఇంకోవైపు ఎవరో తెలియని మనిషి.

ఆయన వద్దన్నాడని ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా బాపు ఆ రోడ్డుకు ఒప్పుకోలేదు. ఆ స్థలానికి ఒప్పుకోలేదు. మా ఊరు కూడా ఒప్పుకోలేదు. ఆరోజు బడిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ వద్దన్నారు. నేను చూశాను.

మా ఊళ్ళో ఇప్పుడు ఏ సంగతి ఎత్తినా ఎవరూ మర్నాడు ఇల్లిల్లూ తిరిగి అడగడం లేదు.